మొదటి పేజీలో ఎనిమిదో మాట

మా ఆయన పుస్తకంలో నేను లేను. ఈ సంగతి ఒక సోమవారం పొద్దున, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తెలిసింది.

పుస్తకమంటే ఆయన రాసిన గ్రంథమేమీ కాదు. నల్ల అట్ట నోటుబుక్కు. చొక్కా జేబులో పట్టదు, ప్యాంటు జేబులో కుక్కితే పడుతుంది. కిందటేడు ఆయన తలలో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లింది. ఎన్యూరిజం అన్నారు. పుర్రె తెరిచి ఆ బుడగ మెడకి గోరంత క్లిప్పు పెట్టారు. "మీరు బట్టలారేసుకునే క్లిప్పులాంటిదేనమ్మా, కాస్త చిన్నది" అని సర్జను నాకు వివరించాడు. ఫారంలో గృహిణి అని రాస్తే ఇలాంటి ఉపమానాలే వస్తాయి.

ప్రాణం దక్కింది. నడకా మాటా చేతిపనీ అన్నీ ఉన్నాయి. పాతికేళ్ళ కిందటి మా పెళ్ళిలో నా మేనమామ ఎవరితో పోట్లాడాడో కూడా గుర్తుంది. పోయిందల్లా కొత్త విషయాన్ని పట్టి ఉంచుకునే శక్తి. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. ఉండదని ఆయనకీ తెలియదు, ఎందుకంటే ఖాళీ వచ్చిన చోట ఆయన బుర్ర ఊరుకోకుండా ఒక కథ అల్లేస్తుంది. చూడ్డానికొచ్చిన వాళ్ళతో ఓసారి, "నిన్న మేమిద్దరం పడవెక్కాం, గాలి ఎంత బాగా వేసిందో" అన్నారు. నిన్న మేమిద్దరం కలిసి చేసింది మేడమీద నీళ్ళ ట్యాంకు కడగడం. నీళ్ళవరకూ నిజమే.

"అది అబద్ధం కాదమ్మా, ఖాళీని పూడ్చుకోవడం" అంది జ్ఞాపకాల డాక్టరమ్మ. ఆస్పత్రిలో ఇలాంటి వాళ్ళకి తర్ఫీదిచ్చేది ఆవిడే. నోటుబుక్కు కూడా ఆవిడ పెట్టిన ఏర్పాటే. మొదటి పేజీలో ఆయన చేతే ఏడు మాటలు రాయించింది. నాకు తలలో ఆపరేషను అయింది, కొత్తవి నిలవవు అనేది మొదటిది. ఈ పుస్తకంలో ఉన్నదే నిజం, నాకు అనిపించేది కాదు అనేది రెండోది. నాలుగోది, నేను ఆస్పత్రిలో ఉండగా అమ్మ పోయింది, ఆమెకి ఫోన్ చేయకూడదు. ఏడోది, ఏం జరిగినా వెంటనే రాసుకోవాలి. రోజూ లేవగానే మొదటి పేజీ, ఆ తర్వాత నిన్నటి పేజీ చదవాలి. అప్పుడే టీ.

ఆయన పటాలు కట్టే షాపులో ఇరవై ఏళ్ళుగా అద్దాలూ ఫ్రేములూ కోసే మనిషి. షాపు యజమాని పెద్దాయన మంచివాడు. "మూడు నెలలు చూద్దామమ్మా. చెయ్యి తప్పకపోతే ఆ బల్ల ఆయనదే" అన్నాడు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, ఆ బల్ల పోతే మనిషి కిటికీ దగ్గర కూర్చుండిపోతాడు, మళ్ళీ లేపడం మన తరం కాదు అని చెప్పింది. కాబట్టి ఇక్కడ పణంగా ఉన్నది ఆ బల్ల. అది నాకు మొదటి రోజునుంచీ తెలుసు. తెలిసీ చేశాను కాబట్టే ఈ కథ.

షాపులో ఒకావిడ ఉంది. మెడలో టేపు వేసుకుని వచ్చినవాళ్ళ బొమ్మలన్నీ కొలుస్తుంది. అందరూ కొలతలావిడ అంటారు. నలభై దాటి ఉంటుంది, పెళ్ళి చేసుకోలేదు, నడుము మాత్రం ఎవరో కొలిచి కోసినట్టుంటుంది. నన్ను వదినా అని పిలుస్తుంది. ఆయన్ని అన్నయ్యా అనదు, సార్ అంటుంది. ఈ చుట్టరికం లెక్క నాకు తేలలేదు.

ఆ సోమవారం నేను చదివిన పేజీల నిండా ఆవిడే. కొలతలావిడ టీ తెచ్చింది. కొలతలావిడ చెల్లెలికి ఉద్యోగం వచ్చింది. కొలతలావిడ నవ్వింది. ఎందుకు నవ్విందో రాయలేదు. పేజీలు తిప్పాను. ఆవిడకి జలుబు చేసింది, ఆవిడకి తగ్గింది. నాకు మాత్రం మూడు నెలల్లో తుమ్ము కూడా రాలేదు.

ముందురోజు ఆదివారం మేమిద్దరం పార్కుకి వెళ్ళాం. ఒక కుక్క ఎవరిదో చెప్పు నోట కరుచుకుని పరిగెత్తడం చూసి, ఆపరేషను తర్వాత మొదటిసారి ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు దాటాక కూడా నా చెయ్యి వదల్లేదు. ఆదివారం పేజీలో తారీఖు ఉంది. కింద తెల్లగా ఉంది.

తప్పు నాదే. షాపులో ఆవిడ గంటకోసారి "సార్, రాసుకోండి" అంటుంది. నేను అనను. పాతికేళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని, నన్ను నోట్ చేసుకోండి అని అడుక్కోవాలా? ఆ పౌరుషంతో సాయంత్రాలన్నీ తెల్లగా వదిలేశాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, ఆ అమ్మని నేనే.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు.

"నిన్న ఎక్కడికెళ్ళామో చెప్పండి చూద్దాం" అన్నాను.

పుస్తకం తీసి చూశారు. "ఎక్కడికీ వెళ్ళలేదే. ఏమీ లేదు" అని, నా మొహం చూసి, "షాపుకేనా? కొలతలావిడ ఉండాలి మరి" అన్నారు.

ఆవేళ ఆయన క్యారేజీ మర్చిపోయారు. నిజం చెప్పాలంటే నేనే గుర్తుచేయలేదు. పట్టుకెళ్ళే వంకతో షాపుకి వెళ్ళి, గుమ్మం దగ్గర నిలబడి చూశాను. వాళ్ళిద్దరూ పనిచేస్తున్నారు. ఆవిడ ముందుబల్ల దగ్గర బొమ్మ మీద టేపు పరిచి, "పద్నాలుగున్నర" అంది. ఆయన ఆరడుగుల దూరంలో తన బల్ల మీద అద్దం పరిచారు. స్కేలు ఎత్తగానే మళ్ళీ "పద్నాలుగున్నర" అంది. అద్దం కోసే కలం ఆనించే ముందు ఇంకోసారి, కాస్త మెల్లగా, "పద్నాలుగున్నర." కలం కర్రుమంటూ సాగింది. అద్దం గీత వెంట తేలిగ్గా విరిగింది. ఆ అంకెని ఆవిడ ఆయన తలలో పెట్టడం లేదు. పని అయ్యేదాకా గాలిలో నిలబెడుతోంది. ఆయన మొహం పెళ్ళినాటి మొహంలా ఉంది, ఎక్కడా ఖాళీ లేదు.

నాతో ఉన్నప్పుడు ఆ మొహం ఉండదు. క్యారేజీ గుమ్మంలోనే పెట్టి వచ్చేశాను. 

మర్నాడు పొద్దున ఆయన స్నానాల గదిలో ఉండగా పెన్ను తీసుకున్నాను. ఆయన దస్తూరీ నాకు కొట్టిన పిండి. మా అమ్మాయి ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా ఆయన సంతకం పెట్టింది నేనే. మొదటి పేజీలో ఏడో మాట కింద ఎనిమిదోది రాశాను. "కొలతలావిడ ఈమధ్య కొలతలు తప్పు చెబుతోంది. ఎవరితోనూ అనకుండా నేనే మళ్ళీ కొలుచుకోవాలి."

చెడ్డమాట ఒక్కటీ లేదు చూడండి. అంత మర్యాదగా ఎవరూ ఒకరి కొంప కూల్చి ఉండరు.

ఆయన చదివారు. ఎనిమిదో మాట దగ్గర పెదాలు ఒకసారి బిగించి, టీ అడిగారు. నాకు ఆ రోజు టీ కూడా రుచిగా ఉంది. నాలుగు రోజులు హాయిగా గడిచాయి. పేజీల్లో ఆవిడ నవ్వడం మానేసింది. టీ తెచ్చింది అన్న మాట పక్కన ఒక రోజు, "తాగలేదు" అని కూడా ఉంది. ఆ రోజు కూరలో ఉప్పెక్కువైందని ఆయన అన్నా నాకు కోపం రాలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పెద్దాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆయన్ని ఇంటికి పంపిస్తున్నా. ఓ మూడు రోజులు ఉంచండి, నేను ఆలోచించుకోవాలి."

"ఏమైందండీ?"

"వారంలో నాలుగు అద్దాలు పాడుచేశాడు. అద్దాలదేముంది, పోనిద్దును. ఇవాళ ఒకావిడ వాళ్ళమ్మ ఫోటో తెచ్చింది. ఆ తల్లికున్నది అదొక్కటే ఫోటో. అట్టతోపాటు అంగుళం కోసేశాడు. తల్లి చెయ్యి పట్టుకుని పక్కనో చిన్నపిల్ల ఉంది, ఇప్పుడు ఆ పిల్ల లేదు. ఆ పిల్లే ఈవిడ. షాపులో కూర్చుని ఏడ్చిందమ్మా."

ఫోన్ పెట్టేశాక నాకు మొత్తం కళ్ళకి కట్టింది. ఆవిడ అంకె చెబుతుంది. ఈయన వినరు. తనే వెళ్ళి కొలుస్తారు. ఆరడుగులు నడిచి బల్ల దగ్గరికి వచ్చేసరికి అంకె దారిలో జారిపోతుంది. పోయిందని తెలిస్తే మళ్ళీ కొలుచుకునేవారే. ఆ ఖాళీలోకి బుర్ర ఇంకో అంకెని తెచ్చి పెడుతుంది, మా పడవ ప్రయాణంలాగే. అది పెట్టుకుని వణుకైనా లేకుండా కోసేస్తారు.

ఆయన వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. "ఇవాళ సెలవా?" అన్నారు. ఔనన్నాను.

సాయంత్రం కొలతలావిడ వచ్చింది. ఆయన బల్ల మీద మర్చిపోయిన పుస్తకం చేతిలో ఉంది. మెడలో టేపు లేకపోతే ఆవిడ ఎవరో మామూలు మనిషిలా, అలిసిపోయినట్టు కనిపించింది. ఆయన లోపల పడుకున్నారు. ముందుగదిలో కూర్చోబెట్టాను.

"వదినా, మీకు తెలుసో లేదో. సార్ నా గురించి ఇందులో రాసుకున్నారు" అని మొదటి పేజీ తెరిచింది. "నా మాట ఎందుకు వినడం లేదు సార్ అని వారం కిందట అడిగితే ఇది చూపించారు."

నేను ఎనిమిదో మాట వంక చూశాను. పాడుదస్తూరీ, ఎంత బాగా కుదిరిందో.

"వారం నుంచీ నిద్ర లేదొదినా. ఎక్కడ తప్పానో వెతుక్కుంటున్నాను. పాత పటాలు ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో కనుక్కుని, వెళ్ళి మళ్ళీ కొలిచొచ్చాను. ఒక్కటీ తప్పు దొరకలేదు."

"దొరకకపోతే తప్పు చెయ్యలేదనేగా?"

"అదెలా? పుస్తకంలో ఉన్నదే నిజం కదా. నేనే రోజూ ఆయనతో అంటాను ఆ మాట. అంటే నేను తప్పు చెప్పి, చెప్పినట్టు మర్చిపోయి ఉంటాను. సార్‌కి మొదలైంది కూడా ఇలాగే అయ్యుంటుందేమో. తల స్కానింగుకి చీటీ రాయించుకున్నాను. ఎల్లుండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. ఇక్కడ దొంగని సోఫాలో నేను కూర్చునుంటే, భుజాలు తడుముకుంటున్నది ఆవిడ.

"పెద్దాయనకి చెప్పేశాను" అంది. "ఆ ఫోటో కొలత నేనే తప్పు చెప్పానన్నాను. నేను మానేస్తాను, సార్‌ని మాత్రం పంపించకండి అన్నాను. సరే చూద్దామన్నారు."

కళ్ళు మూసుకుంటే చాలు. నేను మూడు నెలలుగా ఏం కోరుకున్నానో అది కంచంలో వడ్డించి తెచ్చింది. ఆవిడ పోతుంది, ఆయన ఉంటారు, నామీద మచ్చ పడదు. "టీ పెడతానుండు" అని లోపలికి వెళ్ళాను. పాలు పొంగి పొయ్యి మీద పోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఆవిడ పోయాక ఆయన బల్ల దగ్గర పద్నాలుగున్నర అని మూడుసార్లు ఎవరంటారు? నేనా? నా ఆదివారాన్నే ఒక్క వాక్యంగా రాయించలేకపోయినదాన్ని.

కప్పు ఆవిడ ముందు పెట్టి, నిలబడే అన్నాను. "ఆ ఎనిమిదోది రాసింది నేను."

ఆవిడకి అర్థం కాలేదు. "సార్ దస్తూరీ కదా?"

"నాకు వచ్చు ఆ దస్తూరీ."

 నేను ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ బ్యాగులోంచి స్కానింగు చీటీ తీసి, నాలుగు మడతలు పెట్టి, టీ కప్పు కింద దోపింది.

"ఎందుకు?" అంది.

"నువ్వు నవ్వావని రాసుంది."

"ఏమిటీ?"

"పుస్తకంలో. కొలతలావిడ నవ్వింది అని. ఎందుకు నవ్వావో రాయలేదు."

"ఎందుకు నవ్వానా?" గొంతు లేచింది, లోపల ఆయన ఉన్నారని మళ్ళీ తగ్గించింది. "ఫ్రేము కట్టిన అద్దంలో ఆయన గుండు చూసుకుని, ఈయన ఫోటో ఎవరు తెచ్చారండీ, మరీ గుండ్రంగా ఉన్నాడు, కోలఫ్రేము పట్టదు అన్నారు. నవ్వకుండా ఉండగలరేమో మీరే చెప్పండి!"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

"నాకు పిచ్చెక్కుతోందనుకున్నాను. వారం రోజులు" అంది, లేచి నిలబడుతూ. "నాకు చెప్పి ఏం లాభం? రాసింది ఆయన పుస్తకంలో. ఆయనకి చెప్పండి."

టీ ముట్టలేదు.

ఆ పేజీ చింపేసి ఊరుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ డాక్టరమ్మ పేజీలకి అంకెలు వేయించింది, ఒకటి లేకపోతే ఆయన ఇల్లంతా వెతుకుతారు. అదలా ఉంచితే, ఆ సాయంత్రం గుమ్మంలో ఆవిడ గొంతు వినపడగానే ఆయన గదిలోంచి తొంగిచూసి మళ్ళీ తలుపు వేసుకున్నారు. "ఆవిడ నాకు పడదు" అన్నారు నాతో. ఎందుకు పడదని అడిగితే చెప్పలేకపోయారు. ఎనిమిదో మాట గుర్తులేదు, దాని చేదు మాత్రం దిగబడిపోయింది. కాగితం చింపితే అది పోదు.

మర్నాడు ఆయన లేవకముందే తొమ్మిదో మాట రాశాను. నా సొంత దస్తూరీలో. "ఎనిమిదోది అబద్ధం. మీ భార్య కుళ్ళుతో రాసింది. కొలతలావిడ ఒక్క కొలత కూడా తప్పు చెప్పలేదు. ఆవిడ మాట నమ్మండి."

ఆయన మంచం మీద కూర్చుని చదివారు. ఎనిమిది, తొమ్మిది, మళ్ళీ ఎనిమిది. కళ్ళజోడు తీశారు.

"ఇది నువ్వు రాశావా?"

"ఔనండీ."

"నా రాతలో?"

"ఔను."

తిడతారని సిద్ధమయ్యాను. ఆయన పేజీ మీద వేలు పెట్టి పైకి జరుపుకుంటూ వెళ్ళారు. ఒకటో మాట దగ్గర ఆగారు. "నాకు ఆపరేషను అయిందన్నది?"

"అది మీరే రాశారు. నిజం."

వేలు కిందికి వచ్చింది, నాలుగో మాట దగ్గరకి. నేను చూడకూడని మొహం ఒకటి చూశాను. ఏడుపు మొహం కాదు. ఆశపడే మొహం.

"మరి అమ్మది?" అన్నారు. "అదీ నువ్వేనా?"

జీవితంలో మొదటిసారి, దొంగరాత రాసింది నేనేనని చెప్పాలనిపించింది.

"కాదండీ. అదీ నిజమే."

తల ఊపి, పుస్తకం మూసి, గోడవైపు తిరిగి కూర్చున్నారు. టీ చల్లారిపోయింది.

ఆ రోజే షాపుకి వెళ్ళి పెద్దాయనకి చెప్పాను. ఆయన చాలాసేపు తలగోక్కుని, "మా ఇంట్లో ఆవిడ ఇంకా నయం, మొహం మీదే తిడుతుంది" అన్నాడు. ఫోటో ఆవిడకి కబురు చేయిస్తే ఆవిడ రానంది. ఆ ముక్క చెత్తలో పోయింది, దొరకలేదు. దానికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. మా ఆయనకి ఇంకో నెల గడువు ఇచ్చాడు పెద్దాయన. కొలతలావిడ పనిలో ఉండిపోయింది. నన్నిప్పుడు మేడమ్ అంటుంది. చుట్టరికం లెక్క మొత్తానికి తేలింది.

ఆయన మాత్రం రోజూ పొద్దున కొత్తగా చదివేవారు. రోజూ కళ్ళజోడు తీసేవారు. ఇది నువ్వు రాశావా? నా రాతలో? ఆపైన వేలు నాలుగో మాట దగ్గరికి. నేరం ఒకసారి చేస్తే శిక్ష ఒకసారి పడుతుంది మామూలుగా. నాకు రోజుకొకటి, టీకి ముందు. ఇరవయ్యో రోజుకి ఆయనకి ఆవిడ మీద చేదు పోయింది, గొంతు వినపడితే ఎదురెళ్తున్నారు. అద్దాలు సరిగ్గా తెగుతున్నాయి. గడువు నెల అయ్యేసరికి పెద్దాయన ఇక అడగనన్నాడు, బల్ల ఆయనదే. ఇంట్లో నేను కూడా ఇప్పుడు సాయంత్రం కాగానే, "రాసుకోండి" అంటున్నాను. సిగ్గు విడిచాక అదేం పెద్ద కష్టం కాదు. మొన్న నాకు కూడా తుమ్ము వచ్చినట్టు రాశారు. కొలతలావిడ జలుబుకి మూడు వాక్యాలు, నా తుమ్ముకి ఒకటి. లెక్కపెట్టడం మాత్రం మానలేకపోతున్నాను.

డాక్టరమ్మకి అంతా చెప్పాను. నన్ను తిట్టవలసినంతా తిట్టి, "ఇక మొదటి పేజీ మళ్ళీ రాయించండి. రోజూ ఆ తల్లి విషయం దగ్గర ఆయన ఆశపడి కుంగిపోవడం మంచిది కాదు. ఎనిమిదీ తొమ్మిదీ అక్కర్లేదు" అంది.

ఆదివారం పొద్దున కొత్త పుస్తకం కొని తెచ్చి, భోజనాలబల్ల దగ్గర కూర్చోబెట్టాను. నేను ఎదురుకుర్చీలో బీన్స్ తుంచుతూ కూర్చున్నాను. ఎనిమిదీ తొమ్మిదీ కనపడకుండా నేను అడుగు మడిచి ఇచ్చిన పాత పేజీ చూసి, ఆయన ఒకటి నుంచి ఏడు దాకా ఎత్తిరాశారు, ఎక్కడా ఆగకుండా. నాలుగో మాట కూడా. తర్వాత పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి, ఇంకేదో రాయడం మొదలుపెట్టారు.

అది పాత పేజీలో చూసి రాస్తున్నది కాదు. ఏమిటా అని కాస్త ముందుకి వంగాను. ఆయన తలెత్తలేదు. ఎడమచెయ్యి మాత్రం వచ్చి, పరీక్షలో పక్కవాడు చూసి రాస్తాడని పిల్లలు పెట్టుకుంటారే, అలా కాగితానికి అడ్డంగా నిలబడింది.

"ఎందుకండీ చెయ్యి అడ్డం పెట్టారు?" అన్నాను.

ఆయన ఆగి, తన చేతినే వింతగా చూసుకున్నారు.

"ఏమో" అన్నారు, తియ్యకుండా.